గెలుపు ఎవరి ఖాతాలో?

మార్చి నెలాఖరు వచ్చిందంటే అమెరికాలో ఉన్న మన తెలుగు పిల్లలకి ఎంసెట్ రిజల్ట్స్ రోజులు మళ్లీ గుర్తొస్తాయి. హెచ్1బి లాటరీ మరి! ఈసారి నా రూమ్మేట్‌కి తగిలింది. నాకు తగల్లేదు. వరుసగా మూడోసారి.

ఇద్దరిదీ ఒకే యూనివర్సిటీ, ఒకే ఎంఎస్. జీపీఏ కూడా ఒకటే, 3.6. జెర్సీ సిటీలో ఒకే గదిలో ఉంటూ దాదాపు ఒకేలాంటి ఉద్యోగాలు చేస్తున్నాం. పాపం వాడు తన విషయం రెండు రోజులు నాకు చెప్పకుండా దాచాడు. చివరికి గిన్నెలు కడుగుతూ, నా మొహం చూడకుండా చెప్పాడు.

అమ్మ ఫోన్లో, "ఏల్నాటి శని నడుస్తోందట నాన్నా, పంతులుగారు ముందే చెప్పారు" అంది. నాన్న మాత్రం "అన్నం తిన్నావా?" అని అడిగి ఊరుకున్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర అందరూ బేస్‌బాల్ గురించే మాట్లాడతారు. వాళ్ల మాటలు అర్థం కావాలని రెండేళ్ల కింద చూడటం మొదలుపెట్టాను. ఆట కన్నా ముందు అందులోని అంకెలు నచ్చేశాయి. నా ఉద్యోగం కూడా అంకెలతోనే కదా! ఆ రాత్రి పాత పిచర్ల రికార్డులు తెరిచి కూర్చున్నాను.

పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడే అనుకోండి. కానీ ఒక తేడా ఉంది. బుమ్రా పేరు పక్కన వికెట్లు, ఎకానమీ ఉంటాయి. "ఇన్ని మ్యాచ్‌లు గెలిచాడు, ఇన్ని ఓడాడు" అని ఏ బౌలర్ ఖాతాలోనూ రాయరు. బేస్‌బాల్‌లో రాస్తారు. పిచర్ పేరు పక్కన 24-4 అని ఉంటే 24 గెలుపులు, 4 ఓటములు అని లెక్క.

ఆ లెక్కల్లో తిరుగుతుంటే ఒళ్లు జలదరించే విషయాలు దొరికాయి. వారెన్ స్పాన్ అనే పిచర్ కెరీర్ మొత్తంలో గెలిచినవి 363. ఆ కాలంలో పిచర్లు బ్యాటింగ్ కూడా చేసేవారు. ఆయన బ్యాట్‌తో కొట్టిన హిట్లు ఎన్నో తెలుసా? సరిగ్గా 363!

ఇంకొకటి చూడండి. 1985లో న్యూయార్క్ మెట్స్ కుర్రాడు డ్వైట్ గూడెన్ రికార్డు 24-4. మరుసటి ఏడాది 1986లో బోస్టన్ రెడ్ సాక్స్‌కి ఆడిన రోజర్ క్లెమెన్స్ రికార్డు కూడా 24-4. ఆ ఏటి బెస్ట్ పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు ఇద్దరికీ వచ్చింది. అక్కడితో ఆగలేదు. 1986 వరల్డ్ సిరీస్‌లో ఆ రెండు టీములే తలపడ్డాయి.

అన్నదమ్ముల కథ కూడా ఉంది. 1979లో నేషనల్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గెలుపులు ఇద్దరు పిచర్లవి. ఫిల్ నీక్రో 21, జో నీక్రో 21. సొంత అన్నదమ్ములు, వేర్వేరు టీములు.

తెల్లవారుజామున మూడింటికి ఇవన్నీ చదువుతుంటే అమ్మ మాట నిజమేనేమో అనిపించింది. పైన ఎవరో కూర్చుని ఈ అంకెలు రాస్తున్నారా? మరి నాకు మూడుసార్లూ సున్నా రాసింది కూడా ఆ చెయ్యేనా?

పొద్దున కాఫీ తాగాక బుర్ర కాస్త పనిచేసింది. ఒక గదిలో 23 మంది ఉంటే, వాళ్లలో ఏ ఇద్దరికో పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగానికి పైనే. వినగానే నమ్మబుద్ధి కాదు. కానీ 23 మందిలో ఎన్ని జతలు కుదురుతాయో లెక్కేయండి, 253! ఇక నేషనల్ లీగ్ మొదలైంది 1876లో. అప్పటినుంచీ వేలమంది పిచర్లు, ఒక్కొక్కరికి డజన్ల కొద్దీ కాలమ్స్. అంత పెద్ద పట్టికలో ఎక్కడో అక్కడ అంకెలు కలవకపోతేనే వింత.

పైగా మనం కలిసిన వాటినే చూస్తాం. స్పాన్ 245 మ్యాచ్‌లు ఓడాడు కూడా. ఆ 245 దేనితో కలిసిందని ఎవరైనా వెతుకుతారా? కలవని అంకె కథ కాదు కాబట్టి మన దాకా రాదు.

నా మూడు సున్నాలూ అంతే. లాటరీలో అవకాశం సగం ఉందనుకున్నా, మూడుసార్లూ రానివాళ్లు ప్రతి ఎనిమిది మందిలో ఒకరు ఉండి తీరాలి. ఆ ఒక్కరి ఇంట్లో మాత్రం దానికి శని అని పేరు పెడతారు.

ఇంతవరకూ తెలిసిన లెక్కే. అసలు విషయం, ఒకేలా కనిపించే అంకెల లోపలికి వెళ్లాక అర్థమైంది. ఆ అన్నదమ్ములనే తీసుకోండి. ఇద్దరివీ 21 గెలుపులే. కానీ తమ్ముడు జో 11 ఓడితే అన్న ఫిల్ 20 ఓడాడు. ఎందుకంటే ఆ ఏడాది ఫిల్ ఆడిన అట్లాంటా తన డివిజన్‌లో అట్టడుగున ఉంది. పిచర్ ఎంత బాగా వేసినా, సొంత టీమ్ పరుగులు చెయ్యకపోతే గెలుపు రాదు కదా!

గెలుపు రాసే రూలే అలాంటిది. మ్యాచ్ మొదలుపెట్టిన పిచర్ కనీసం ఐదు ఇన్నింగ్స్ వెయ్యాలి. అతను దిగేసరికి టీమ్ ముందంజలో ఉండాలి. ఆ ఆధిక్యం చివరిదాకా పోకూడదు. వీటిలో మొదటిది తప్ప మిగతావి చాలావరకు పక్కవాళ్ల చేతుల్లోనే ఉంటాయి.

2018లో మెట్స్ పిచర్ జేకబ్ డీగ్రామ్ ఇన్నింగ్స్ తొమ్మిదికి సగటున ఇచ్చిన పరుగులు 1.70 మాత్రమే. అద్భుతమైన సీజన్. అతని రికార్డు? 10-9. ఆ అంకె ఒక్కటే చూస్తే సగటు ఆటగాడు అనుకుంటాం. కానీ ఓటు వేసినవాళ్లు మిగతా కాలమ్స్ కూడా చదివారు. 18-7తో ఉన్న మాక్స్ షెర్జర్‌ని కాదని సై యంగ్ అవార్డు డీగ్రామ్‌కే ఇచ్చారు.

ఎప్పుడూ ఇలా జరగలేదు. 1987లో నలభై ఏళ్ల నోలన్ రయన్ నేషనల్ లీగ్‌లో అందరికన్నా తక్కువ సగటుతో, 2.76తో, పరుగులిచ్చాడు. అందరికన్నా ఎక్కువగా 270 మందిని స్ట్రైకౌట్ చేశాడు. గెలుపోటములు మాత్రం 8-16. అవార్డు వేరేవాళ్లకి వెళ్లింది. అతని అంకెలు ఇవాళ్టికీ అవే. వాటిని చదివే కళ్లే ఈ ముప్ఫై ఏళ్లలో మారాయి.

ఆదివారం రూమ్మేట్‌తో అన్నాను. "మామా, 86 వరల్డ్ సిరీస్ రెండో మ్యాచ్ తెలుసా? ఇద్దరు 24-4లూ ఎదురెదురుగా దిగారు."

"ఎవడు గెలిచాడు?"

"బోస్టన్ 9-3తో గెలిచింది. ఓటమి గూడెన్ ఖాతాలో పడింది. కానీ క్లెమెన్స్ ఐదు ఇన్నింగ్స్ పూర్తి చెయ్యకముందే దిగిపోయాడు. అందుకని గెలుపు స్టీవ్ క్రాఫర్డ్ అనే మూడోవాడికి రాశారు."

వాడు చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాడు. తర్వాత మెల్లగా, "సారీ రా" అన్నాడు. దేనికి సారీ? వాడేం లాక్కోలేదు. నేనేం పోగొట్టుకోలేదు, చీటీ తప్ప.

అంటే బాధ లేదని కాదు. ఈ వేసవితో నా పని పర్మిట్ అయిపోతుంది, హైదరాబాద్ టికెట్ చూస్తున్నాను. చదువు అప్పు ఇంకా మిగిలే ఉంది. "అమెరికా వెళ్లి తిరిగొచ్చేశాడు" అని చుట్టాలు అనే మాట ఇప్పట్నుంచే చెవుల్లో వినిపిస్తోంది. వాళ్లు చూసేది ఒక్క కాలమే.

అందుకే నిన్న రెజ్యూమె తెరిచి, ఈ మూడేళ్లలో నా చేతుల్లో ఉన్న పనేంటో ఒక్కొక్కటే రాశాను. కట్టిన రిపోర్టులు, పట్టుకున్న తప్పులు, పని నేర్పిన ఇద్దరు జూనియర్లు. పేజీన్నర వచ్చింది.

రాత్రి నాన్న ఫోన్ చేశారు. మళ్లీ అదే ప్రశ్న, అన్నం తిన్నావా అని.

ఈసారి నిజంగానే తిన్నాను.