పరుల బిడ్డల పేరు పలుకుట

ఫుట్‌బాలన్నంతనే మన పిల్లలు కాలితో తన్ను గుండ్రని బంతి మనకు జ్ఞప్తికి వచ్చును. అమెరికాలో ఆ పేర పిలువబడు ఆట వేఱు. అందు కోలబంతిని చేతబట్టుకొని పరుగిడుదురు. పక్షమునకు పదునొకండుగురు. నాలుగు యత్నములలో పది గజములైనను ముందునకు సాగవలెను. లేనిచో బంతి ఎదుటిపక్షము పాలగును. శిరస్త్రాణములు ధరించి యొకరినొకరు ఢీకొందురు గాన మొగములు కానరావు. చొక్కామీది అంకెయే గుర్తు.

మా కాపురము టెక్సాసు రాష్ట్రమున డాలసు నగరమునకు సమీపమున. ఉన్నత పాఠశాలల బాలురాడు ఈ యాటలను టెలివిజనులో వర్ణించి చెప్పుట మావారు చేపట్టిన పని. ఆయన ప్రక్కను కూర్చుండి, బంతి నెవడు పట్టెనో, ఎవడు పడద్రోసెనో కనిపెట్టి, అట్టమీద వ్రాసిన పేరుపై వ్రేలుంచి చూపుట మా వంతు.

ఆగస్టు చివర మొదలు డిసెంబరు వఱకు మాకు వారమున కొక యూరు. చివరి పోటీలలో ఉభయపక్షముల యూళ్లకు నడుమనున్న పట్టణమును ఎన్నుకొనుట కలదు. అట్లు 180 మైళ్ల దూరమున నున్న అబిలీనుకు పోయి, అర్ధరాత్రము దాటిన పిమ్మట ఇల్లు చేరిన దినములును గలవు. త్రోవలో బీళ్లు, చమురుబావులు, దూరమున గాలిమరలు. పులిహోర పొట్లము, ఫ్లాస్కులో కాఫీ, బైనాక్యులర్లు, రంగుపెన్సిళ్లు, పేర్ల జాబితాలు - ఇవియే మా సామగ్రి.

ఈ పిల్లల యాటలకు ఆ దేశపు చట్టమునందును చోటు గలదు. వృత్తిక్రీడాసంఘములు ప్రసారపు హక్కులను కలిసి యమ్ముకొనుటకు 1961లో చేసిన చట్టము అనుమతించినది. దానిని 1966లో సవరించి ఉన్నత పాఠశాలలకును రక్షణ కల్పించిరి. ఆ ఋతువున శుక్రవారము సాయంకాలము ఆరుగంటల పిమ్మట, పాఠశాలల యాట జరుగు తావునకు 75 మైళ్లలోపల తమ యాటను ప్రసారము చేసిన సంఘములకు ఆ సదుపాయము చెల్లదు. టెక్సాసు పాఠశాలల క్రీడాధికారులు మఱియొక యడుగు ముందునకు వేసి, శుక్రవారపు తమ యాటలను ప్రత్యక్షముగ చూపుటనే చిరకాలము నిషేధించిరి. 2020లో మహమ్మారి వచ్చినపుడు సడలించిరి. ఇంట కూర్చుండి చూడగలిగినచో టిక్కెట్టు కొనువారు తగ్గుదురని భయము. అందుచే మా ప్రత్యక్షప్రసారములు పెక్కులు గురువారపు ఆటలవే.

ఆటకు గంట ముందుగా మావారు ఎదుటిపక్షపు శిక్షకుని కడకు పోయి, ప్రతి బాలుని పేరును ఎట్లు పలుకవలెనో అడిగి వ్రాసికొందురు. క్రీస్తు పేరు పెట్టుకొన్న మెక్సికో సంతతి బాలుడు ‘హెసూస్’ అని పిలిచిననే పలుకును. ఒకయేట నొక తెలుగు బాలుడు బంతిని తన్నువాడుగా నుండెను. శిక్షకుడు వాని పేరును సగమునకు త్రుంచి చెప్పెను. మేము బాలునే యడిగి, పూర్తిపేరును మావారిచేత నాలుగుమార్లు పలికించితిమి. డాలసులో రాత్రి ఏడుగంటలైనపుడు గుంటూరులో మఱునాటి వేకువ అయిదున్నర. అచ్చట వాని నాయనమ్మ ఇంటర్నెట్టులో ఆ యాట చూచి, బంతి యెటు పోయెనో తెలియలేదు గాని మనుమని పేరు చక్కగా వినబడెనని కబురంపినది.

పేరు పలుకకుండుటయు ఈ పనిలో నొక భాగమే. ఒక గురువారము రాత్రి యొక బాలుడు క్రిందపడి లేవలేదు. వేలకొలది జనము నిశ్శబ్దమైరి. మా వ్రేలు వాని పేరుమీదనే యుండెను. చెవిలోని యంత్రమున దర్శకుడు పేరు చెప్పుడని తొందరించుచుండెను. మావారు మా వంక చూచిరి. మేము వ్రేలు తీసివేసితిమి. “ఒక బాలుడు నేలపై నున్నాడు. వైద్యులు చేరినారు. వేచియుందము” అని మాత్రము చెప్పి ఆయన మిన్నకుండిరి. వాని తల్లి పనిమీద నుండి రాలేక, ఏ యాసుపత్రిలోనో, ఏ దుకాణములోనో తెఱవైపు చూచుచున్నదేమో! అట్టి వార్త ఆమెకు అయినవారి నోట వినబడవలెను గాని మా నోట గాదు. ఎనిమిది నిమిషములు గడచెను. బాలుని మోసికొనిపోవునపుడు వాడు చేయి యెత్తెను. తండ్రి ఇంటికి ఫోను చేసెనని పాఠశాలవారు వచ్చి చెప్పిన పిమ్మటనే మావారు పేరు పలికిరి. మెడక్రింది యెముక విఱిగినది. నెల తిరుగకమున్నే వాడు కట్టుతో వచ్చి తోడివారి సరసను నిలిచెను.

ఆటలో పొరపాటు జరిగినపుడును మావారు “వీడు చెడగొట్టెను” అనరు. “బంతి జారినది” అందురు. ఇది సత్యమును దాచుట గాదు. చూచువారికి జరిగినది తెలియును. జీతము లేక యాడు పదునాఱేండ్ల బాలుడు మఱునాడు బడికి పోవలెను. ఇంట ఆ ప్రసారమును మరల పెట్టుకొని చూచుకొనవలెను.

టెలివిజను లేకున్నను మన యిండ్లలో ఈ వర్ణన నిత్యము జరుగుచునే యున్నది. చుట్టములు వచ్చినపుడు పిల్లల మార్కులు, మొండితనము, తప్పిన పరీక్షలు ఏకరువు పెట్టువారము మనమే గదా! తలుపు చాటున నిలిచి వినువారిలో ఆ బిడ్డయు నుండును.