రెండు గొంతుల గిటారు

పదిహేనేళ్లపాటు నేను వాయించిన గిటారు మా నాన్నగారు కొనిచ్చినది. ఇంటి వసారాలో దాని నాదం ఎంత నిండుగా పలికేదంటే, దానికి విద్యుత్తు తోడు కావాలన్న ఊహే నాకు అపచారంగా తోచేది. ఒక పట్టణంలోని ఉత్సవ వేదికపై ఒకే ఒక్క రాత్రిలో ఆ అభిప్రాయం చెదిరిపోయింది.

ఆనాడు మా లలిత సంగీత బృందంలో గాయని, తబలా, కీబోర్డు, నేను ఉన్నాము. నా గిటారు ఎదుట ఒక మైకు నిలిపారు. తొలి పాట పల్లవి దాటకముందే తబలా ధాటికి నా తీగల సవ్వడి మునిగిపోయింది. మైకు స్థాయి పెంచమని సైగ చేశాను. పెంచగానే స్పీకర్ల నుండి ఏనుగు ఘీంకారం వంటి హోరు లేచింది. గాయని పాట ఆపి నావైపు చూసింది. చివరి వరకు తీగలను అరచేత అణచి, వాయిస్తున్నట్లు నటించాను. ముందు వరుసలో కూర్చున్న నాన్నగారికి ఆ నటన తెలియకపోలేదు.

ఆ హోరుకు కారణం తరువాత గ్రహించాను. గిటారు బోలుదేహంలోని గాలి సెకనుకు సుమారు 100 కంపనాల దగ్గర ఇట్టే మ్రోగుతుంది. స్పీకరు ధ్వని వచ్చి ఆ దేహాన్ని కదిలిస్తుంది. ఆ కదలిక మరల మైకులో చేరి చక్రవడ్డీలా పెరుగుతుంది. వసారాలో నన్ను మురిపించిన గుణమే వేదికపై దోషమైందన్నమాట!

ఈ చిక్కుకు విరుగుడు వెదికినవారు చాలామందే ఉన్నారు. కొన్ని స్ఫటికాలను ఒత్తితే విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. అటువంటి పదార్థాన్ని తీగలు ఆనే పట్టీ కింద అమర్చితే మైకు అవసరం తగ్గుతుంది. అయితే గట్టిగా మీటినప్పుడు ఆ ధ్వని కొంత పెళుసుగా వినిపిస్తుంది. ఎలక్ట్రిక్ గిటారులోని అయస్కాంతపు పికప్ మార్గం వేరు. అది ఉక్కుతీగ కదలికనే విద్యుత్తుగా మారుస్తుంది. దాని స్వరం మెత్తన, కాని అందులో కలప వాసన తక్కువ. ఈ రెండింటినీ పలుచని దేహంలో కూర్చినదే హైబ్రిడ్ గిటారు. టేలర్ సంస్థ 2005లో టీ5ను, ఫెండర్ సంస్థ 2019లో అకౌస్టసోనిక్‌ను ఇటువంటి ఆశయంతోనే తెచ్చాయి. వాటి ధరలు నా జీతానికి అందేవి కావు.

విద్యుత్తు సోకితే సంగీతం మైలపడుతుందన్న శంక నాలో ఇంకా మిగిలే ఉండేది. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఐదు ఒంటి తీగల విద్యుత్ మాండలిన్‌పై కర్ణాటక గమకాలను పలికించిన తీరు తలచుకొన్నాక ఆ శంక తీరింది.

మిత్రుని వెంటబెట్టుకొని దుకాణానికి వెళ్లాను. అమ్మకందారు ప్రతిధ్వనుల హంగులన్నీ జోడించి వినిపించబోయాడు, వాటిని తీసివేయమన్నాను. ముఖ్యమైన పరీక్ష వేరే ఉంది. గిటారు మిత్రునికిచ్చి, గది చివర నిలబడి విన్నాను. ఒడిలో ఉన్న వాద్యం వాయించేవానికి ఒకలా, శ్రోతకు మరొకలా వినిపిస్తుంది. ఆ పిమ్మట నేనే స్పీకరుకు ఎదురుగా నిలిచి ధ్వని పెంచాను. రెండు గిటార్లు గర్జించాయి. మూడవది, మధ్యరకం ధర గలది, మౌనంగా ఉన్నది. రెండు పికప్‌ల ధ్వనిని కలిపే మీట దానికున్నది. అరగంటసేపు భుజాన తగిలించుకొని నిలబడి చూశాను. విద్యుత్తు తీసివేస్తే దాని గొంతు పీలగా ఉంది; అది మాత్రం నాకు నేటికీ లోటే.

ఆరు నెలల తరువాత మరొక ఊరిలో కచేరీ. ఈసారి హోరు లేదు. గాయని వెనుదిరిగి చూడవలసిన అవసరమూ రాలేదు. ఇంటికి వచ్చేసరికి నాన్నగారు పాత గిటారును గుడ్డతో తుడుస్తున్నారు. చాలాసేపటికి తల ఎత్తి, “దానిలో బ్యాటరీ ఉంటుందటగా. మధ్యలో ఆగిపోతే ఏం చేస్తావురా?” అని అడిగారు.

జేబులోని రెండవ బ్యాటరీని తీసి చూపించాను.