చెరకు ఊరికి టూరిస్టులు రారా?

లాంగ్ వీకెండ్ వస్తోందంటే చాలు, మన ఐటీ జనాలకి గోవా తప్ప ఇంకో ఊరు గుర్తురాదు. జీతం కాస్త పెరిగితే మాల్దీవులు, పెళ్ళైతే మారిషస్. ఇసుక, నీళ్ళు, ఫోటోలు... అంతే! 2014 తర్వాత తెలంగాణకి సముద్రం లేదు కాబట్టి, మాకు టూరిజం గురించి మాట్లాడే హక్కే లేదన్నట్టు చూస్తారు మా ఫ్రెండ్స్ (వైజాగ్ వాళ్ళు మరీను).

సరే, ఆ మారిషస్ సంగతే చూద్దాం. బీచ్‌లకి అంత పేరున్న దేశం కూడా బీచ్‌లతోనే సరిపెట్టుకోలేదు. బోప్లాన్ అనే చోట చక్కెర ఫ్యాక్టరీ 1999లో మూతపడితే, 2002లో దాన్నే మ్యూజియంగా తెరిచారు. పాత యంత్రాలు చూపించి, చెరకు కథ, దానికోసం వచ్చిన కూలీల కథ చెప్పి, చివర్లో రకరకాల చక్కెరలు రుచి చూపిస్తారు. 1834 నుంచి 1920 దాకా దాదాపు అయిదు లక్షల మంది కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో యునెస్కో జాబితాకెక్కింది. కోరంగి రేవులో ఓడెక్కిన మన తెలుగువాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. ఇప్పటికీ అక్కడ ఉగాదికి సెలవు!

ఇక మా బోధన్‌కి రండి. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. నీళ్ళొచ్చాయి, వెనకే చెరకొచ్చింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. మా పెద్దనాయన చెరకు బండి కట్టుకుపోయి, రాత్రంతా లైన్లో బండి కిందే పడుకునేవాడు. ఇంట్లో పెళ్ళి ముహూర్తం కూడా చెరకు డబ్బులు చూసుకునే పెట్టేవాళ్ళు. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు ఆ పొలంలో వరి ఉంది. మా అన్న కొడుక్కి చెరకు బండి అంటే రోడ్డు పక్కన రసం అమ్మేదే.

ఇక్కడా ఒక మ్యూజియం పెట్టొచ్చు కదా అంటే పెద్దనాయన ఒకటే అడిగాడు: "వచ్చెటోళ్ళు నా చెరుకు కొంటరా, సూసి పోతరా?"

న్యాయమైన ప్రశ్నే. టికెట్ కౌంటర్ పెడితే రైతుకి గిట్టుబాటు ధర రాదు, పోయిన ఉద్యోగాలన్నీ తిరిగి రావు. ఫ్యాక్టరీ మళ్ళీ గానుగాడితే అంతకన్నా కావాల్సింది లేదు. కానీ ఆడినా ఆడకపోయినా, ఒక్క షెడ్డు చూడ్డానికి వదిలితే నష్టమేంటి? బాయిలర్ దగ్గర, కాటా దగ్గర పనిచేసినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళకన్నా మంచి గైడ్లు ఎక్కడ దొరుకుతారు? డాక్యుమెంటేషన్ లేని పాత సిస్టమ్ తెలిసినవాడు వెళ్ళిపోతే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా!

చుట్టుపక్కల డిచ్‌పల్లి రామాలయం శిల్పాలు, దాశరథి గారు బొగ్గుతో గోడల మీద పద్యాలు రాసిన ఇందూరు ఖిల్లా జైలు, నిజాంసాగర్ ఎలాగూ ఉన్నాయి. రెండ్రోజులకి ఎక్కువే. మా పెద్దనాయన లాంటివాళ్ళు ఓపికగా కథ చెప్పగలిగిన రోజుల్లోనే ఈ పని జరగాలని నా ఆశ. మీరేమంటారు?