నీలంగా మారిన ఎర్రకొండ

పిల్లలూ, పింగాణీకి వెయ్యేళ్లుగా పేరుమోసిన ఊరు ఒకటి చైనాలో చాంగ్ నది ఒడ్డున ఉన్నది. దాని పేరు జింగ్‌దెజెన్. దగ్గరలోనే ఉన్న గావొలింగ్ అనే కొండ నుంచి తెల్లమట్టి తెచ్చేవారు.

అక్కడ మూడు వందల ఏళ్ల కిందట చేసిన కుంచెల పాత్రలు మీరు చూడాలి. (చైనావాళ్లు కుంచెలతోనే రాసేవారు మరి!) పాత్రకు ఒక పక్క ఎత్తయిన కొండచరియ, కింద నది, నదిలో చిన్న పడవ. మెల్లిగా తిప్పండి. రెండవ పక్క బారులు తీరిన అక్షరాలు! సు షి అనే కవి 1082లో మిత్రులతో కలిసి వెన్నెలలో పడవ మీద వెళ్లి, ఆ రాత్రిని గురించి రాసిన రచన అది. ఆయన చూసినది ఎర్రకొండ. పాత్ర మీద మటుకు అది నీలంగా ఉంటుంది!

ఆవం వేడికి చాలా రంగులు మాడిపోతాయి, కోబాల్టు నిలుస్తుంది. అయితే రాసేటప్పుడు అది నీలంగా ఉండదు, నల్లగా, బూడిదరంగుగా ఉంటుంది. కాల్చని మట్టి దాన్ని అద్దుడు కాగితంలాగా పీల్చేస్తుంది. ఒక్క అక్షరం తప్పినా చెరపటానికి వీలులేదు. పైన గాజుపూత పూసి, సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆవం చల్లారి, తలుపు తీసినదాకా, తన కొండ ఎంత నీలంగా వచ్చిందో రాసినవాడికే తెలియదు.