తెనాలికి తిరిగి చేరిన హార్మోనియం

పదవీ విరమణకు నాలుగు నెలలు మిగిలి ఉండగా మేము క్వార్టరు ఖాళీ చేసే సన్నాహాలు మొదలుపెట్టాము. ముప్పైమూడేళ్ళ సంసారంలో పోగైన సామానులో ఏది ఎవరికి ఇవ్వాలో సులభంగానే తేలింది. ఒక్క వస్తువు మాత్రం ముందుగది మూలన అలాగే ఉండిపోయింది. అది మా తాతగారి హార్మోనియం.

తాతగారు తెనాలి పరిసర గ్రామాలలో పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయించేవారు. నాన్నగారు భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి వస్తూ ఆ పెట్టెను వెంట తెచ్చుకొన్నారు. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన ఆ నగరానికి దేశం నలుమూలల నుండి జనం వచ్చి చేరారు. ఉగాదికీ, శ్రీరామనవమికీ తెలుగువారు కూడిన చోటనెల్లా ఆ పెట్టె పలికేది. నాన్నగారు గతించిన తరువాత పద్దెనిమిదేళ్ళుగా దాని మూత తీసిన వారు లేరు. వాయించడం మాలో ఎవరికీ రాదు.

ఒక హోటలు యజమాని దానిని అలంకారంగా పెట్టుకొంటానని మంచి ధర చెప్పాడు. ఆ మాట ఫోనులో అక్కయ్యకు చెప్పగా, "అద్దాల బీరువాలో కూర్చోబెట్టడానికేనట్రా నాన్న దాన్ని అంతదూరం మోసుకెళ్ళింది? తెనాలిలో అడిగి చూడండి" అన్నది. మేము మారు పలకలేకపోయాము.

పెట్టెను రెండు దుప్పట్లలో చుట్టి రైలెక్కాము. రాయపూర్, టిట్లాగఢ్, రాయగడల మీదుగా తూర్పు కనుమల కొండలు దాటి విజయనగరం చేరాము. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా 1919లో సంగీత కళాశాల వెలసిన ఊరది. అక్కడ వైణికుడైన ఒక మిత్రుని ఇంట ఒక పూట ఆగాము. ఆయన పెట్టెను ఆప్యాయంగా తడిమి, "మా సంగీతానికి గమకం ప్రాణం. ఈ మెట్ల మీద స్వరం నిలుస్తుందే గాని ఊగదు. దీని చోటు నాటకశాల" అన్నారు. ఈ లోపం కారణంగానే 1940లో రేడియో హార్మోనియంను బహిష్కరించిందనీ, 1971లో గాని ఆ నిషేధం సడలలేదనీ ఆయనే గుర్తుచేశారు. ఆ ముప్పై ఏళ్ళూ దానిని నిలిపినవి భజన మందిరాలూ, నాటక రంగస్థలాలూను.

మరునాడు గోదావరిని, కృష్ణను దాటి తెనాలిలో దిగాము. పశ్చిమ డెల్టా కాలువలు ఊరి నడుమగా పారుతుంటాయి. దీనికి ఆంధ్రా పారిస్ అని ముద్దుపేరు. హార్మోనియంకు 1842లో పేటెంటు పొందిన అలెగ్జాండర్ డెబాన్ అసలు పారిస్ వాడే. కాలితో తొక్కే ఆ వాద్యాన్ని నేలపై కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ వాయించే పెట్టెగా పందొమ్మిదవ శతాబ్ది చివరి పాదంలో మలచినవారు కలకత్తాలోని ద్వారకానాథ్ ఘోష్. మా పెట్టె కూడా కలకత్తాలో తయారైనదే. ఇక తెనాలి నాటకానికి పుట్టిల్లు వంటిది. సత్యభామ పాత్రతో పేరుగాంచి, 1956లో పద్మశ్రీ అందుకొన్న స్థానం నరసింహారావుగారు ఇక్కడి రామవిలాస సభ నటులే.

కాలువగట్టుకు దగ్గరలో ఒక వృద్ధ హార్మోనిస్టు ఇల్లు వెదకి పట్టుకొన్నాము. ఆయన మూత తీసి చాలాసేపు మౌనంగా చూశారు. తిత్తి తోలు ఎండి పగిలింది. మెట్ల కింది గుడ్డ చిమ్మెటల పాలయింది. రెండు రీడ్లు మూగవోయాయి. మూత లోపల అంటించిన కాగితంపై తాతగారి చేతివ్రాత ఉంది. ఏ నటునికి ఏ శ్రుతి పట్టాలో రాసుకొన్న పట్టిక అది. నాలుగు, నాలుగున్నర, ఐదు. "మైకులు లేని రోజులు కదండీ, చివరి వరుసలో కూర్చున్నవాడికి పద్యం వినబడాలంటే ఆ శ్రుతి తప్పదు" అన్నారాయన.

పెట్టె తనకు కాదని, తన దగ్గర నేర్చుకొంటున్న ఒక అమ్మాయికి ఇప్పిస్తానని చెప్పారు. ఇరవై ఏళ్ళ ఆ అమ్మాయి తిరునాళ్ళలో పద్య నాటకాలకు వాయిస్తోంది. సొంత పెట్టె లేదు. అయితే ఒక చిక్కు ఉందన్నారు. మా పెట్టె శ్రుతి ఇప్పటి ఎలక్ట్రానిక్ కీబోర్డు కంటె కాస్త హెచ్చుగా ఉంది. రెండూ కలిసి పలకాలంటే ఇత్తడి నాలుకలన్నిటినీ గీయవలసి ఉంటుంది. కొనలో గీస్తే శ్రుతి హెచ్చుతుంది, మొదట గీస్తే తగ్గుతుంది. ఒకసారి గీసిన ఇత్తడి మళ్ళీ రాదు.

మేము ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నాము. నాన్నగారి వేళ్ళ కింద మేము చిన్ననాడు విన్న ఆ నాదం ఇక ఎక్కడా ఉండదు. పెట్టెను వెనక్కి తీసుకుపోదామా అన్న ఆలోచన కూడా కలిగింది. ఇంతలో ఆ అమ్మాయి మూగవోని మెట్లు వెతుక్కొంటూ ఒక పద్యానికి రాగం ఎత్తింది. పగిలిన తిత్తిలోంచి గాలి బుసకొడుతూనే ఉంది. అయినా పద్దెనిమిదేళ్ళ తరువాత ఆ పెట్టె పలికింది. "గీయించండి బాబాయిగారూ" అన్నాము.

వెల వద్దంటే గురువుగారు ఒప్పుకోలేదు. ఊరికే వచ్చిన వాద్యంపై గౌరవం నిలవదట. వెయ్యినూటపదహారు రూపాయలు తాంబూలంలో పెట్టి ఇప్పించారు. పట్టిక కాగితాన్ని ఊడదీసి మాకు ఇవ్వబోతే ఆ అమ్మాయే అడ్డుపడింది. "అది ఇక్కడే ఉండనివ్వండి సార్, నాకూ పనికొస్తుంది" అన్నది.

తిరుగు ప్రయాణంలో రెండు దుప్పట్లే మిగిలాయి. సహోద్యోగుల ఇళ్ళలోనూ అటకలపై ఇటువంటి వీణలు, ఫిడేళ్ళు, తబలాలు ఉండే ఉంటాయి. క్వార్టరు ఖాళీ చేసే రోజు దాకా ఆగవద్దని మా మనవి. తోలు ఎండిపోకముందే వాటిని వాయించే చేతుల కోసం వెదకండి.