అరవై వేల టీమ్, ఒక రాత్రి మెసేజ్

ఏప్రిల్‌లో ఒక రాత్రి, పదకొండున్నర దాటాక, ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టాను.

"సారీ అన్నా. ఈ సీజన్ లిస్ట్‌లో నీ పేరు లేదు. బడ్జెట్ వల్ల. ఏమీ అనుకోకు."

రెండు టిక్కులు పడ్డాయి. కాసేపటికి నీలంగా మారాయి. పైన 'టైపింగ్' అని వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది, పోయింది. అంతే. జవాబు రాలేదు.

ఆ మెసేజ్ వెళ్లింది మా టీమ్ గోల్‌కీపర్‌కి. అందరం 'గోడన్న' అంటాం. గాజువాకలో ఎనిమిదేళ్ల కిందట ఈ సెవెన్-ఎ-సైడ్ టీమ్ పెట్టిన నలుగురిలో ఆఖరికి మిగిలింది ఆయనొక్కడే. నేను ఇంటర్‌లో ఉండగా బంతిని బొటనవేలితో తన్నేవాణ్ని. పాదం లోపలి వైపుతో తన్నాలని నేర్పింది ఆయనే. అలాంటి మనిషిని మూడు ముక్కల్లో తీసేశాను.

ఎందుకు తీసేశానో చెప్పాలంటే ముందు లెక్క చెప్పాలి.

మా టీమ్ మేనేజర్ని నేనే. మేనేజర్ అంటే పెద్ద పోస్టేం కాదు, ఫోన్‌లో ఎక్సెల్ షీట్ ఉన్నవాడు అని అర్థం. ఏడాదికి మా మొత్తం డబ్బు 60,000. హార్డ్‌వేర్ షాపు బాబాయ్ ఇస్తాడు, జెర్సీ మీద ఆయన షాపు పేరు వేసుకుంటాం. అందులో నాలుగు టోర్నమెంట్ల ఎంట్రీ ఫీజు 12,000. పద్నాలుగు మందికి జెర్సీలు 6,300. బంతులు, గ్లవ్స్ 4,700. ఆటోలు, నీళ్లు, అరటిపళ్లు 9,000. మొత్తం 32,000 పోతే మిగిలేది 28,000. ప్లేయర్ల చేతిలో పెట్టడానికి అంతే ఉంది. దాన్ని దాటడానికి లేదు. అదే మా 'శాలరీ క్యాప్'.

నవ్వుకోకండి. సున్నాలు తీసేస్తే పెద్ద లీగుల్లో జరిగేదీ ఇదే. ఫ్యాంటసీ టీమ్ కట్టినవాళ్లకి ఈ తలనొప్పి తెలుసు. వంద క్రెడిట్లు, పదకొండు మంది. ఇద్దరు స్టార్లని తీసుకుంటే మిగతా తొమ్మిది మందిని ఏరుకోవాల్సిందే. డబ్బున్న టీమ్ ఒక్కటే అందర్నీ కొనేసుకోకుండా క్యాప్ ఆపుతుంది. అందరికీ ఒకే జేబు ఇచ్చి, "ఇప్పుడు నీ బుర్ర చూపించు" అంటుంది. అందుకే సీజన్‌లో గెలుపోటములు సగం ఆఫ్‌సీజన్‌లోనే తేలిపోతాయి. గ్రౌండ్‌లో కాదు, షీట్‌లో.

ఈ పాఠం మన తెలుగువాళ్లకి బాగా నేర్పిన టీమ్ తెలుగు టైటాన్స్. ఫుట్‌బాల్ కాదు, కబడ్డీ. కానీ లెక్క ఒకటే. ప్రో కబడ్డీలో ఒక్కో టీమ్‌కి వేలం పర్సు 5 కోట్లు. టీమ్‌లో కనీసం 18 మంది, ఎక్కువలో ఎక్కువ 25 మంది ఉండాలి. 2023 అక్టోబర్‌లో పదో సీజన్ వేలంలో టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2.605 కోట్లకు కొన్నారు. అప్పటికి లీగ్‌లో అదే రికార్డు. ఆ రాత్రి మా గ్రూప్‌లో పండగ. స్టిక్కర్లే స్టిక్కర్లు.

ఇప్పుడు తీసివేత చేద్దాం. ఐదులోంచి 2.605 పోతే 2.395 కోట్లు. మిగతా పదిహేడు మందికి పంచితే సగటున తలకి 14 లక్షల పైచిలుకు. ఆ వేలంలో సి కేటగిరీ ప్లేయర్ కనీస ధరే 13 లక్షలు. అంటే ఒక సూపర్‌స్టార్, చుట్టూ చవకగా దొరికినవాళ్లు. పవన్ ఆడలేదా అంటే బాగానే ఆడాడు, రైడ్ పాయింట్లు రెండొందలు దాటించాడు. కానీ కబడ్డీలో రైడర్ ఒక్కడే వెళ్లి వస్తాడు, పట్టుకోవడానికి మాత్రం అందరూ కావాలి. ఆ సీజన్‌లో టైటాన్స్ 22 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండు. పట్టికలో ఆఖరి స్థానం.

ఇంత చూసి కూడా నేనేం చేశాను? సరిగ్గా అదే.

పోయిన సీజన్‌కి ముందు కంచరపాలెం వైపు టీమ్‌లో ఆడే ఒక స్ట్రైకర్ మీద కన్ను పడింది. కుర్రాడు బంతి తీసుకుని తిరిగాడంటే ఎదుటి డిఫెండర్ కిందపడాల్సిందే. "పదిహేను వేలిస్తే వస్తా" అన్నాడు. 28,000లో 15,000. పర్సులో సగానికి పైనే. పవన్ లెక్కలో ఉన్నంత వాటా, కొంచెం ఎక్కువే. సరే అన్నాను. పది వేలు అడ్వాన్స్ కూడా ఇచ్చేశాను. మిగతా పదమూడు మందికి తలో వెయ్యి.

రెండో టోర్నమెంట్‌లో అతని చీలమండ బెణికింది. సీజన్ అయిపోయింది. అడ్వాన్స్ తిరిగి అడగలేం, అడగడం న్యాయం కూడా కాదు. దెబ్బ తగిలింది మన జెర్సీలోనే కదా. నాలుగు టోర్నమెంట్లలో కలిపి మేం గెలిచింది రెండు మ్యాచ్‌లు. టైటాన్స్ అభిమానులమని ఇలా కూడా నిరూపించుకున్నాం.

ఆ పది వేలకి అమెరికావాళ్లు ఒక పేరు పెట్టారు: 'డెడ్ మనీ'. వాళ్ల ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో 1994 నుంచీ క్యాప్ ఉంది. 2025లో ఒక్కో టీమ్‌కి 27.92 కోట్ల డాలర్లు. అక్కడ ముందే ఇచ్చిన బోనస్‌ని కాంట్రాక్టు ఏళ్ల మీద పంచి లెక్క రాసుకోవచ్చు. కానీ ఆటగాణ్ని మధ్యలో వదిలేస్తే, రాయకుండా మిగిలిన లెక్కంతా మీద పడుతుంది. మనిషి వెళ్లిపోతాడు, అతని ఖర్చు మాత్రం టీమ్‌లోనే ఉంటుంది. డెన్వర్ బ్రాంకోస్ 2024లో క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ని వదిలేసినప్పుడు రెండేళ్లలో కలిపి 8.5 కోట్ల డాలర్లు ఇలా పడ్డాయి. విచిత్రమేమంటే అదే ఏడాది బో నిక్స్ అనే కొత్త కుర్రాడితో ఆ టీమ్ ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. తప్పు కొనుగోలు కంటే, తప్పని ఒప్పుకోలేక దాన్నే పట్టుకు వేలాడటం ఎక్కువ నష్టం.

టైటాన్స్ కూడా మెల్లగా మారారు. పదకొండో సీజన్‌లో పవన్‌ని 1.725 కోట్లకే ఉంచుకున్నారు. అతనికి గాయమైతే విజయ్ మాలిక్ టీమ్‌ని నడిపించాడు. ఏడో స్థానం వచ్చింది. 2025లో పన్నెండో సీజన్‌కి పవన్‌ని వదిలేశారు, తమిళ్ తలైవాస్ 59.50 లక్షలకు తీసుకుంది. టైటాన్స్ విజయ్‌ని 51.50 లక్షలకు ఉంచుకుని, భరత్ హుడాని 81 లక్షలకు కొన్నారు. ఇద్దరికీ కలిపి 1.325 కోట్లు. అంటే పవన్ ఒక్కడి పాత ధరలో సగం. ఆ సీజన్ ఆగస్టు 29న మన వైజాగ్‌లోనే మొదలైంది. తొలి మ్యాచ్ ఎవరితోననుకుంటున్నారు? పవన్ ఉన్న తలైవాస్‌తోనే. టైటాన్స్ ఓడిపోయారు. "చూశావా, వదిలేసినందుకు అనుభవిస్తున్నారు" అని మా గ్రూప్‌లో ఒకటే గోల. కానీ అక్టోబర్ వచ్చేసరికి అదే టీమ్ ప్లేఆఫ్స్‌లో రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లి పుణెరి పల్టన్ చేతిలో ఓడింది. మొదటి రోజు స్కోరు చూసి ఆఫ్‌సీజన్‌కి మార్కులు వేయకూడదు.

ఇంకో పాఠం హైదరాబాద్ ఎఫ్‌సీది. అది నిజంగా ఫుట్‌బాలే. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్ఎల్ కప్పు ఎత్తారు. ఆ రాత్రి గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి హీరో. రెండేళ్లు తిరక్కుండా జీతాల బకాయిలు, ఒక్కొక్కరుగా వెళ్లిపోయిన విదేశీ ఆటగాళ్లు. 2023-24 సీజన్ అంతా కలిపి ఒక్క గెలుపు. ఐఎస్ఎల్‌లోనూ జీతాలకి పరిమితి ఉంది. కానీ పరిమితి 'ఇంతకు మించి ఇవ్వొద్దు' అని మాత్రమే చెబుతుంది. 'ఇస్తానన్నది ఇవ్వగలవా' అని అడగదు. అది మనకి మనమే అడుక్కోవాలి.

ఇవన్నీ బుర్రలో పెట్టుకుని ఈ వేసవిలో కొత్త షీట్ తెరిచాను. బాబాయ్ డబ్బు రెండు విడతల్లో ఇస్తాడు, రెండోది దసరా తర్వాత. కాబట్టి చేతికి రాకుండా ఎవరికీ అడ్వాన్స్ లేదు. స్ట్రైకర్ మళ్లీ పదిహేను అడిగాడు. ఐదు చెప్పాను. నవ్వి వేరే టీమ్‌కి వెళ్లిపోయాడు. ఇద్దరికి ఐదేసి వేలు, ఐదుగురికి రెండేసి వేలు, ఏడుగురికి తలో వెయ్యి. మొత్తం 27,000. మిగిలిన వెయ్యి పెయిన్ స్ప్రేకి. షీట్ చూసుకుని నేనే మురిసిపోయాను.

ఒకటే చిక్కు. మల్కాపురం నుంచి పంతొమ్మిదేళ్ల కీపర్ ఒకడు దొరికాడు. రెండు వేలకి వస్తానన్నాడు. ఎగిరితే పై బార్ తగులుతుంది వాడికి. గోడన్నకి ముప్పై నాలుగు, మోకాలు నొప్పి. జెర్సీలు పద్నాలుగే. ఎవరో ఒకరు పోవాలి. షీట్‌లో ఆయన పక్కన ఉన్నది '1,000' అనే అంకె. డిలీట్ నొక్కాను. మెసేజ్ పెట్టాను. నిద్రపోయాను కూడా.

తర్వాత ఆదివారం పొద్దున్న ఆరింటికి ప్రాక్టీస్. పదమూడు మంది రావాల్సిన చోట ఆరుగురు వచ్చారు. బంతుల సంచీ లేదు. కోన్‌లు లేవు. ఇదేంటని ఫోన్లు చేస్తే ఒకడు నిద్ర గొంతుతో అన్నాడు: "ప్రతి ఆదివారం గోడన్న ఫోన్ చేసి లేపుతాడు కదా. ఈసారి చెయ్యలేదు."

సంచీ ఆయన బండి మీద వచ్చేది. బంతుల్లో గాలి ఆయన ఇంటి పంపుతో కొట్టేవారు. ఎవరికి దెబ్బ తగిలినా ఆస్పత్రికి తీసుకెళ్లింది ఆయనే. ఇంకో విషయం ఆ రోజే తెలిసింది. ఎనిమిదేళ్లలో తన మ్యాచ్ డబ్బు ఒక్కసారి కూడా ఇంటికి తీసుకెళ్లలేదట. షూలు లేని కుర్రాళ్లకి కొనిపెట్టేవాడట. నా షీట్‌లో ఇవి రాయడానికి కాలమ్ లేదు. ఖర్చు కాలమ్ ఒక్కటే ఉంది. అందుకే ఆయన నాకు వెయ్యి రూపాయలుగా కనిపించాడు.

ఆ సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్లాను. పోర్టులో లోడింగ్ దగ్గర కాంట్రాక్టు పని. షిఫ్ట్ దిగి బొగ్గు మసి కడుక్కుని టీ కొట్టు దగ్గర కూర్చున్నాడు. నన్ను చూసి ఇంకో టీ చెప్పాడు. నేను గడగడా మాట్లాడేశాను. తప్పయిపోయిందన్నాను, లిస్ట్ మారుస్తానన్నాను, మల్కాపురం కుర్రాడికి వద్దని చెప్పేస్తానన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఆ కుర్రాడు నాకంటే బాగా ఆడతాడేట్రా?"

"ఆడతాడన్నా."

"మరింకేటి? ఉంచు. తీసీడం తప్పేటి కాదు. సీజనయ్యాక ఏ టీమైనా అదే చేస్తాది. కానీ ఎనిమిదేళ్ల మనిషిని ఫోన్‌లో తీసీడమేట్రా? రేపు పని లేదని మా మేస్త్రీ కూడా మొకం చూసే చెప్తాడు."

దానికి నా దగ్గర జవాబు లేదు. టీ డబ్బులు ఆయనే ఇచ్చేశాడు, నన్ను ఇవ్వనివ్వలేదు. అది ఇంకా గట్టిగా తగిలింది.

లిస్ట్ మార్చలేదు. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. కుర్రాడే మంచి కీపర్. ఇప్పుడు మారిస్తే అది ఆయన మీద గౌరవంతో కాదు, నా సిగ్గు కడుక్కోవడానికి మార్చినట్టు అవుతుంది. కానీ ఒక నియమం పెట్టుకున్నాను. ఎవర్ని తీసినా ముందు వెళ్లి, కూర్చుని, వాళ్లతో చెప్పాలి. ఆ తర్వాతే గ్రూప్‌లో లిస్ట్. షీట్‌లో కొత్త కాలమ్ కూడా పెట్టాను: 'ఈ మనిషి లేకపోతే ఏమేం ఆగిపోతాయి?' అందులో అంకెలు ఉండవు, మాటలే. నింపడానికి చాలా టైమ్ పట్టింది. నా పేరు పక్కన రాయడానికి మాత్రం పెద్దగా ఏమీ దొరకలేదు.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం ఆయన గ్రౌండ్‌కి వచ్చాడు. బంతుల సంచీ దింపాడు. నాతో మాట్లాడలేదు. నేరుగా గోల్ వెనక్కి వెళ్లి నిలబడి, మల్కాపురం కుర్రాడితో అన్నాడు: "లైన్ మీద ఉండిపోకురా. రెండడుగులు ముందుకి రా."

ఆ తర్వాత రెండు ఆదివారాలు కూడా వచ్చాడు. నాతో ఇంకా పొడిపొడిగానే మాట్లాడుతున్నాడు. అది నా డెడ్ మనీ. ఈ సీజన్ అంతా నా లెక్కలోనే ఉంటుంది, ఉండాలి కూడా.