బరువు మోసేది కనబడని స్క్రూనే



పంట డబ్బు చేతికొచ్చినా, గల్ఫు నుండి పిల్లలు నాలుగు రూపాయలు పంపినా, మన పల్లెల్లో ఇప్పుడు మొదట మారుతున్నది వంటిల్లు. ఒకప్పుడు గోడలో కట్టిన నాపరాతి అరలతో సరిపెట్టుకున్నాము. ఇప్పుడు పొయ్యి గట్టు పైన ప్లైవుడ్ కప్‌బోర్డులు బిగిస్తున్నారు. మంచిదే. ఇంటి ఆడవారికి అది ఎంతో సౌకర్యము. గృహప్రవేశ ప్రార్థనకు వెళ్లినచోటల్లా అందరూ ఆ మెరిసే సన్‌మైకాను, హ్యాండిళ్లను చూసి సంతోషిస్తారు. ఆ కప్‌బోర్డు గోడకు దేనితో నిలబడి ఉందని అడిగేవారు మాత్రం తక్కువ.

అడగవలసిన ప్రశ్న అదే. ఎందుకో లెక్క వేసి చూద్దాము. మూడు అడుగుల పొడవు, రెండు అడుగుల ఎత్తు, అడుగు లోతు ఉన్న కప్‌బోర్డును 18 ఎంఎం ప్లైవుడ్‌తో చేస్తే, తలుపులతో కలిపి ఖాళీదే దాదాపు 20 కిలోలు తూగుతుంది. అందులో పప్పు డబ్బాలు, స్టీలు గిన్నెలు, ఆవకాయ జాడీలు పెడితే ఇంకో 30 కిలోలు సులువుగా చేరతాయి. అంటే ఒక సిమెంటు బస్తా బరువు. ఆ బస్తా కింద పొయ్యి దగ్గర మన తల్లి నిలబడి ఉంటుంది. ఆమె కొంగు పట్టుకుని పసిబిడ్డ ఉంటాడు. కాబట్టి ఇది చిన్న విషయము కాదు.

మేము వడ్రంగులము కాము. అయితే సంఘములో ఆ పని చేసే సహోదరుల పక్కన నిలబడి, సామాను అందిస్తూ, అడిగి తెలుసుకున్న సంగతులు మీ ముందు పెడుతున్నాము.

మొదటిది, అన్ని చోట్లకూ ఒకే స్క్రూ పనికిరాదు. చాలా పనులలో మొదటి నుండి చివరిదాకా నల్ల స్క్రూలే కనబడతాయి. అవి జిప్సం బోర్డును ఫ్రేముకు బిగించడానికి చేసినవి. మొన వాడిగా ఉంటుంది, మిషన్ పెడితే చటుక్కున దిగుతాయి, ధర తక్కువ. అందుకే అందరికీ ఇష్టము. కాని అవి గట్టిపడే దాకా కాల్చి తీసిన ఉక్కు. బరువు ఎక్కువైతే వంగి మనకు గుర్తు చూపించవు, పుటుక్కున విరుగుతాయి. నల్ల పూత తడికి ఎక్కువ కాలం ఆగదు. గోడకు కప్‌బోర్డును వేలాడదీసే చోట వాటిని వాడకూడదు.

పెట్టె పలకలను ఒకదానికొకటి కలపడానికి చెక్క స్క్రూలు గాని, పార్టికల్ బోర్డు అయితే దాని కోసమే చేసిన వెడల్పు మరల స్క్రూలు గాని తీసుకోవాలి. రెండు పెట్టెలను పక్కపక్కన కలిపేటప్పుడు 18కి 18 చేరి 36 ఎంఎం మందం అవుతుంది కాబట్టి 30 ఎంఎం స్క్రూ చాలు. 40 ఎంఎం వేస్తే మొన అవతలికి పొడుచుకు వచ్చి, గిన్నె తీసే చేతిని గీస్తుంది. హింజెస్‌కు, సొరుగు చానళ్లకు 16 ఎంఎం పొడవు సరిపోతుంది.

గోడ సంగతి వేరు. ఇటుకలో స్క్రూ తనంతట తాను పట్టుకోలేదు, మధ్యలో ప్లగ్గు ఉండాలి. ఈ ప్లగ్గుకు ఒక చరిత్ర ఉంది. బ్రిటిష్ మ్యూజియం గోడలు పాడుకాకుండా కరెంటు సామాను బిగించవలసి వచ్చినప్పుడు జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే ఇంగ్లీషు పనివాడు జనపనారను జిగురుతో గట్టిపరచి గొట్టముగా చేశాడు. 1911లో దానికి పేటెంటు వచ్చింది. మనవారు ఇప్పటికీ రావల్ ప్లగ్ అంటున్నది ఆయన పేరు మీదనే. ఇప్పుడది నైలానుతో వస్తోంది. స్క్రూ లోపలికి వెళ్లేకొద్దీ ప్లగ్గు ఉబ్బి రంధ్రం గోడలను నాలుగు వైపులా నొక్కుతుంది. ఆ నొక్కుడే పట్టు. ప్లగ్గు బదులు కర్ర ముక్క కొడితే, అది ఎండి కుంచించుకుపోయినప్పుడు పట్టు వదులుతుంది.

ఇక్కడ కొలత ముఖ్యము. కప్‌బోర్డు వెనుక పైభాగంలో ఉండే అడ్డపట్టీ 18 ఎంఎం. గోడకు పూసిన ప్లాస్టరింగు సుమారు 15. ప్లగ్గు 40. మొత్తం 73 కాబట్టి 75 ఎంఎం స్క్రూ కావాలి. ప్లగ్గును ప్లాస్టరింగు దాటించి ఇటుకలోకి తోయాలి, ఎందుకంటే ప్లాస్టరింగు బరువు మోయదు. డ్రిల్లు వేసేటప్పుడు రాలే పొడిని చూడండి. బూడిద రంగు ఇంకా వస్తుంటే అది ప్లాస్టరింగు గాని ఇటుకల మధ్య సందు గాని. ఎర్రపొడి వస్తే ఇటుక తగిలినట్టు. తేలికైన తెల్ల ఇటుకల గోడ అయితే వాటికే చేసిన పొడవాటి ప్లగ్గులు అడగండి. స్క్రూ ఎప్పుడూ ఆ గట్టి అడ్డపట్టీ గుండానే పోవాలి. వెనుక వేసిన పలుచని పలక గుండా పోతే, స్క్రూ గోడలోనే ఉంటుంది, పెట్టె మాత్రం ఊడివస్తుంది.

సముద్రపు గాలి తగిలే ఊళ్లవారు, సింకు దగ్గర పని చేయించేవారు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు తీసుకోండి. వాటికి ముందుగా సన్న రంధ్రం వేసి బిగించాలి, ఎందుకంటే అవి నల్లవాటికంటే మెత్తన.

ఇంకొక మాట. స్క్రూను సుత్తితో ముప్పావు వంతు కొట్టి, చివర రెండు చుట్లు మాత్రము తిప్పే అలవాటు ఉంది. పైకి తేడా తెలియదు. తల సమంగా కూర్చుంటుంది. కాని లోపల చెక్క నారలు చీలిపోయి, మరలకు పట్టుకోవడానికి ఏమీ మిగలదు. అది స్క్రూ వేషం వేసుకున్న మేకు.

ఇదంతా వడ్రంగి తప్పు అనుకోవద్దు. చదరపు అడుగుకు ఇంత అని గుత్తకు మాట్లాడుతారు. ఆ ధరలోనే ఇంకా యాభై తగ్గించమని బేరం సాగుతుంది. తగ్గించిన ఆ డబ్బును అతడు ఎక్కడో మిగుల్చుకోవాలి. సన్‌మైకా కంటికి కనబడుతుంది, హ్యాండిలు కంటికి కనబడుతుంది, వాటిలో తగ్గించలేడు. కనబడనివి స్క్రూలు, ప్లగ్గులు, వాటికి పట్టే సమయము. కోత అక్కడ పడుతుంది. రేపు కప్‌బోర్డు ఊడిపడితే నింద మాత్రము ఆ కుర్రవాడి మీదకే వస్తుంది. నజరేతు ఊరివారు మన ప్రభువును వడ్రంగి అనే ఎరిగి ఉన్నారు. ఆ వృత్తిని గౌరవించే మనము, ఆ వృత్తివాని చేత అబద్ధపు పని చేయించే బేరం ఆడవచ్చునా?

మన సంఘపు వంటగదిలో కప్‌బోర్డులు పెట్టినప్పుడు పెద్దలందరము కూర్చుని ఒక నిర్ణయం చేసుకున్నాము. స్క్రూలు, ప్లగ్గులు గుత్తలో కలపలేదు. సహోదరుడు రాసిచ్చిన చీటీ ప్రకారం మేమే కొన్నాము. గోడకు బిగించే పనికి కూలి రోజు లెక్కన ఇచ్చాము, తొందర ఉండకూడదని. పెట్టెల అడుగున గోడకు ఒక కర్ర పట్టీ కూడా వేయించాము, కొంత బరువు దానిమీద ఆగుతుంది. బిగించాక ఖాళీ కప్‌బోర్డు అంచు పట్టుకుని ఇద్దరు యౌవనస్థులు కిందికి లాగి చూశారు. ఆ తరువాతే గిన్నెలు సర్దారు. మొత్తం ఖర్చులో స్క్రూలకు అయినది చాలా చిన్న భాగము.

మీ ఇంట పని మొదలుపెట్టే ముందు ఈ మూడు చేయండి. స్క్రూలు మీరే కొనండి. గోడకు బిగించే రోజున దగ్గర ఉండండి, తప్పులు పట్టడానికి కాదు, మంచినీళ్లు అందించడానికి, నేర్చుకోవడానికి. పని బాగా చేసినవానికి మాట్లాడుకున్నది తగ్గించకుండా ఇవ్వండి.

మీ వంటింట నిలబడే ప్రతి తల్లినీ, ఆ గోడకు బిగించే ప్రతి చేతినీ దేవుడు కాపాడును గాక.